ఎక్కువైన దీర్ఘం

టిక్కుమంది, ఆగింది, మళ్ళీ టిక్కుమంది. ఇంజిన్ ఆపి పది నిమిషాలు కూడా కాలేదు, వేడికి ఒళ్ళు విరుచుకున్న ఇనుము ఇప్పుడు మెల్లగా ముడుచుకుంటోంది. ఆ చప్పుడు నాకు గోడ గడియారం కన్నా బాగా అలవాటు, మొదట గబగబా, తర్వాత ఒక్కొక్కటిగా, ఇక అయిపోయిందిలే అని మనం మరిచిపోయాక ఇంకొక్కటి. గంట ఆగాలి. బోర్డు అలాగే చెబుతుంది, పసుపు రేకు మీద నల్ల రంగుతో నేను రాసిన అక్షరాలు, ఇంజిన్ చల్లారాక చెయ్యి చూడాలి. కొత్త డ్రైవర్లు అది చదివి ఇక్కడ జాతకాలు కూడా చెబుతారా అని అరచెయ్యి చాపుతారు, మా అమ్మాయి నవ్వకుండా, మీది కాదండీ, బండిది, అంటుంది. ఈ పొడుగు డ్రైవరు కొత్తవాడు కాదు, నాలుగేళ్ళుగా ఈ షెడ్డుకే వస్తున్నాడు, అందుకే చెయ్యి చాపలేదు, ఊరికే తిరుగుతున్నాడు, మూత ఎత్తిపెట్టిన వ్యాను ముందు రెండడుగులు, వాకిట్లోకి రెండడుగులు, రోడ్డుకి అవతల బస్సు షెల్టరు వైపు ఒక చూపు. షెల్టరులో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఒక్కొక్క సంచి, సంచిలో ఒక దుప్పటి, ఒక నీళ్ళ సీసా, ఆ నీళ్ళు కూడా వాళ్ళు కొలిచి తాగాలి. వాళ్ళ మూత్రపిండాలు పనిచేయవు, వారానికి రెండు సార్లు కొండ అవతలి పెద్దాస్పత్రిలో యంత్రానికి కట్టి రక్తం కడుగుతారు. ఆరింటికల్లా అక్కడ ఉండాలి. ఇప్పుడు మూడూ పది.

కొండ సగం ఎక్కులో బండి ఊపిరి వదిలేసిందండీ, అన్నాడు పొడుగు డ్రైవరు వచ్చీ రాగానే, ఎంత తొక్కినా నడిచేవాళ్ళు దాటిపోతున్నారు, పసుపు దీపం వెలిగింది, పక్కకి తీసి తాళం ఆపి మళ్ళీ వేశాను, ఏమీ ఎరగనట్టు పరిగెత్తింది, అయినా భయమేసి వెనక్కి తిప్పుకొచ్చేశాను. మా అమ్మాయి తల ఊపింది. ఇలాంటివి వింటూ పెరిగిన పిల్ల. స్కానరు తగిలించి చూసి, బండి కంప్యూటరు వచ్చి పోయే తప్పు ఒకటి రాసుకుని కూర్చుంది, ఇప్పుడు మాత్రం లేదు, అంది, గొట్టాలకి సబ్బు నీళ్ళు పూసి గాలి ఎక్కడైనా పోతోందేమో చూసింది, వైరు ప్లగ్గు విప్పి ఊది మళ్ళీ బిగించింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది చెయ్యి. ఆ మాట మా ఆయన పెట్టింది. ఇంజిన్ పక్కన నత్తగుల్ల ఆకారంలో టర్బో ఉంటుంది, బయటికి పోయే పొగ వేగంతో తిరిగి లోపలికి గాలి కుక్కుతుంది, దాని కడుపులో పొగని మళ్ళించే చిన్న చిన్న రెక్కలు, ఆ రెక్కల్ని తెరవడానికీ మూయడానికీ బయట ఒక చిన్న మోటారు, మోటారుకి ఒక కడ్డీ. యాక్చుయేటర్ అంటారు. ఆయనకి నోరు తిరిగేది కాదు, యాచవేటరు అనేవారు, ఒకరోజు ఏకంగా యాచకుడు అన్నారు. యాచకుడేమిటండీ అని నేను పడీ పడీ నవ్వితే, చెయ్యి చాపుకుని ఉంది కదే, యాచకుడే మరి, అన్నారు. అప్పటి నుంచి అది చెయ్యి అయింది. తాళం తీసెయ్యగానే ఆ చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కసారి ఊగి వెనక్కి వస్తుంది, తన కీళ్ళు తనే సరిచూసుకుంటుంది. బయలుదేరేవాళ్ళు చెయ్యి ఊపినట్టే ఉంటుంది. టాటా చెప్పిందా, అని అడుగుతారు మా షెడ్డులో. చెబితే మంచి చెయ్యి. సగంలో ఆగిపోతే ఆ బండిని ఎక్కుకి పంపకూడదు. బండి వచ్చి ఆగినప్పుడు మూత మూసే ఉంటుంది కాబట్టి అప్పుడు చెప్పిందో లేదో ఎవరూ చూడరు, గంట ఆగి, చల్లారాక, తాళం తిప్పి తీసి, టార్చి వేసి చూస్తాం. బోర్డు ప్రకారం.

టిక్. టాటా చెప్పనివాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. ఎనిమిదేళ్ళప్పుడు నన్ను మేనత్త ఇంటికి పంపేశారు, పని సాయానికి. లారీలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు, కాళ్ళు కిందికి అందలేదు, ఒళ్ళో గుడ్డల మూట. అమ్మ కింద నిలబడి ఉంది, చంకలో తమ్ముడు, రెండో చేతిలో వాడి పాల గ్లాసు, ఊపడానికి మూడో చెయ్యి లేదు. గడ్డం ఒక్కటి కొంచెం పైకెత్తింది. అంతే. మళ్ళీ అమ్మని చూడలేదు. అక్క ఆస్పత్రిలో అద్దం తలుపు అవతల ఉన్నప్పుడు చెయ్యి ఎత్తబోయింది, సూదికి కట్టిన చెక్క అడ్డొచ్చి మంచం అంచుకి తగిలి ఆగిపోయింది, నర్సు తెర లాగేసింది. అప్పటి నుంచి లెక్క కట్టుకున్నాను, చెయ్యి ఊపనివాళ్ళు తిరిగి రారు. మూర్ఖపు లెక్కే. పుస్తకాలు ఇన్ని చదివిన మనిషికి ఉండాల్సిన లెక్క కాదు. కానీ ఇంట్లోంచి ఎవరు కదిలినా గుమ్మంలో నిలబడతాను, వాళ్ళు వెనక్కి తిరిగి చెయ్యి ఊపేదాకా లోపలికి పోను, మా అమ్మాయి స్కూలుకి పోయే రోజుల్లో విసుక్కునేది, ఊపానుగా అమ్మా, కనబడలేదా, అని మూల మలుపు దగ్గర నుంచి రెండు చేతులూ ఎత్తి ఊపేది, పిల్లలంతా నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు.

మేనత్త ఇంట్లో నాకు పలక ఎవరూ ఇవ్వలేదు. పెళ్ళయి ఈ షెడ్డుకి వచ్చాకే అక్షరాలు నా కంట పడ్డాయి, బేరింగు డబ్బాల మీద, నట్లు చుట్టి ఇచ్చిన పత్రిక కాగితాల మీద, లారీల వెనక. ఒక డబ్బా మీది అక్షరం ఇంకో డబ్బా మీద కనబడితే చుట్టాలు కనబడ్డట్టు ఉండేది. ఆయనకి అసలు రాదు, రాకపోయినా చెవులున్నాయి, ఇంజిన్ గొంతు విని రోగం చెప్పేవారు, నాకు మాత్రం, చదువు పంతులమ్మా, అని కాగితాలు తెచ్చి పడేసేవారు. చదివేదాన్ని, తడుముకుంటూ, వేలు పెట్టుకుని. దీర్ఘాలు నన్ను చాలా ఏడిపించాయి. తల మీద చిన్న గీత ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట, ఎంత ఘోరం. కారం అని రాసి ఉన్న పొట్లాన్ని కరం అని చదివి, చేతికి రాసుకునే పొడి కాబోలు అనుకున్నాను ఒకసారి, ఆయన ఆ ఏడాదంతా కూరలో కరం ఎక్కువైందే అనేవారు. ఆ అవమానానికి పట్టుదలగా నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఇంకో పిచ్చి పట్టుకుంది. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని పత్రికల్లో, శుభలేఖల్లో, మందుల చీటీల్లో అచ్చు తప్పులు దిద్దడం మొదలుపెట్టాను. లోకంలో అన్ని తప్పులుంటాయని నాకు అంతకు ముందు తెలియదు. ఒక్కొక్క తప్పు దిద్దినప్పుడల్లా, పలక ఇవ్వని వాళ్ళందరి ముందూ చేతులు దులుపుకుని నిలబడ్డట్టు ఉండేది.

ఈ పుస్తకం అప్పటిదే. టర్బోల గురించి తెలుగులో ఎవరో రాయించి మెకానిక్కులకి పంచిన పుస్తకం, గ్రీజు తాగి తాగి అట్ట తోలులా అయింది, షెడ్డులో ఉన్నంతసేపూ నా ఒళ్ళోనే ఉంటుంది, చదవడానికి కాదు, ఆయనకి నేను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి వినిపించిన పుస్తకం ఇదొక్కటే, అందుకు. ఇందాక టీ గ్లాసు అందుకోవడానికి దాన్ని వ్యాను ముందు రేడియేటరు మీది పట్టీ మీద పెట్టాను. మరిచిపోయాను. తీసుకునేసరికి రొట్టెలా వేడిగా ఉంది. ఒళ్ళో పెట్టుకుంటే తనంతట తనే తెరుచుకుంది, మధ్యలో, ఎప్పుడూ తెరుచుకోని చోట. వేడికి గ్రీజు కరిగి, ఇరవయ్యేళ్ళుగా అతుక్కుపోయిన రెండు పేజీలు విడిపోయాయి, మధ్యలో పసుపు రంగు తడి మెరుస్తోంది. అతుక్కుని ఉన్నాయని కూడా నాకు తెలియదు. నలభై ఏడో పేజీ తర్వాత యాభై వస్తోందని నేను ఏనాడూ చూసుకోలేదు, అక్షరాల మీద ఉన్న ధ్యాస అంకెల మీద లేదు నాకు. నలభై ఏడో పేజీ చివరి వరుస నాకు కంఠతా వచ్చు. కడ్డీ కదలికను పరీక్షించేటప్పుడు ఇంజిన్ చల్లారక. అక్కడితో పేజీ అయిపోతుంది. చల్లారక ఏమిటి, అర్థం లేదు, అచ్చు తప్పు, అనుకుని అప్పుడు పెన్సిలుతో ర మీద దీర్ఘం పెట్టాను. పెన్సిలు గీత ఇంకా ఉంది, గట్టిగా, గర్వంగా. చల్లారాక. పేజీ తిప్పితే యాభైలో మొదటి మాట, కడ్డీ పూర్తిగా వెళ్ళి వెనక్కి రావాలి. ఎంత చక్కగా అతికింది. ఇంజిన్ చల్లారాక కడ్డీ పూర్తిగా వెళ్ళి వెనక్కి రావాలి. ఆయన మెచ్చుకున్నారు, అచ్చువేసిన వాళ్ళకన్నా నువ్వే నయం పంతులమ్మా, అన్నారు.

నలభై ఎనిమిదో పేజీ మొదటి మాట ముందే. ఇప్పుడు చూస్తున్నాను. చల్లారక ముందే చూడాలి. ఆ కింద, వేలు పెట్టుకుని చదువుతున్నాను, మొదటిసారి చదివినట్టు, నాలుక కదుపుతూ, వేడి మీద ఉన్నప్పుడే లోపలి రెక్కలు మసి పట్టి బిగుసుకుంటాయి, చల్లారిన తర్వాత వదులై కడ్డీ మామూలుగానే కదులుతుంది, అందువల్ల చల్లారిన ఇంజిన్‌లో లోపం కనపడదు, అటువంటి వాహనాన్ని బాగుందని భావించి పంపరాదు. పంపరాదు. పక్కన ఒక బొమ్మ కూడా ఉంది, చెయ్యి సగంలో ఆగిపోయిన బొమ్మ. షెడ్డు అంతా అలాగే ఉంది. పొడుగు డ్రైవరు వాకిట్లో నిలబడి ఉన్నాడు. అమ్మాయి పానాలు తుడిచి గోడకి తగిలిస్తోంది, ఒక్కొక్కటీ దాని మేకుకి. టిక్. నా వేళ్ళు మాత్రం చల్లబడిపోయాయి, పుస్తకం వేడి వాటికి తెలియడం లేదు.

ఆ రోజు కూడా మధ్యాహ్నమే. తెల్ల వ్యాను, పక్కన సొట్ట పడింది, ఎక్కులో లాగడం లేదని తెచ్చారు. ఆయన గంట ఆగారు. చల్లారాక చూశారు. నేను అదిగో ఆ మూల బల్ల మీద ఎవరిదో శుభలేఖ పెట్టుకుని దిద్దుతున్నాను, పెళ్ళికూతురు పేరులో ఒత్తు పడలేదు, పెన్సిలు పళ్ళ మధ్య ఉంది. బోర్డు ప్రకారమే చూశా పంతులమ్మా, టాటా చెప్పింది, అన్నారు ఆయన. ఆయన నియమం ఒకటుండేది, మనం బాగుందన్న బండికి మొదటి ఎక్కు మనమే ఎక్కాలి, ఊరికే నోటితో బాగుందంటే సరిపోదు. వస్తానే, అన్నారు. ఊఁ అన్నాను. తల ఎత్తలేదు. ఆయన చెయ్యి ఊపారో లేదో నాకు తెలియదు, ఊపే ఉంటారు, నా పిచ్చి తెలిసిన మనిషి. కొండ మీద రెండో మలుపు దాటాక రాళ్ళ టిప్పరుని దాటబోయారట, సగం దాటాక బండి ముందుకి పోలేదట, ఎదురుగా బస్సు. తొందరపడ్డాడు, అన్నారు అందరూ. దాటే చోటా అది, అన్నారు. నేనూ అన్నాను. పదకొండేళ్ళుగా అంటూనే ఉన్నాను, ఫోటో ముందు నిలబడి, అంత తొందరేమిటండీ మీకు, అని. ఆయనకి తొందర లేదు. ఇంజిన్ గొంతు విని రోగం చెప్పే మనిషి నా అక్షరాలు నమ్మి, తన చెవులు పక్కన పెట్టారు. గంట ఆగిన మనిషికి తొందరేమిటి.

టిక్. ఈసారి చాలా సేపటికి. గడియారం మూడూ నలభై. చెప్పాలి. ఇప్పుడే చెబితే ఇంజిన్‌లో ఇంకా వేడి ఉంది, తాళం ఒక్కసారి తిప్పితే తెలిసిపోతుంది. లేచి నాలుగడుగులు వేస్తే అమ్మాయి. అమ్మాయి బోర్డు కిందే ఉంది. ఆ బోర్డుకి ఆయన పసుపు రంగు పూశారు, నేను రాస్తుంటే రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డారు, అక్షరాల పొట్టలు ఆయనే నింపారు, చదవడం రాని చేత్తో, గీత దాటకుండా. ఆయన పోయాక షెడ్డుకి రంగులు వేయించినప్పుడు అమ్మాయి అన్నీ మార్చింది, బోర్డు మాత్రం ముట్టుకోనివ్వలేదు, అది నాన్న, అంది. ఆ దీర్ఘం చూపించి అది తప్పు అని ఎలా చెప్పను. మీ నాన్న తొందరపడలేదమ్మా అని చెప్పాలి, చెబితే ఆ వెంటనే ఇంకో మాట చెప్పాలి. దాని మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు, మారదు, అదే భయం, ఏమీ మారకుండా నా వైపు చూస్తుంది. పోనీ, ఈ బండికి ఆ రోగం లేదేమో. వైరు వదులై ఉంటుందేమో, బిగించింది కదా. ఇన్నేళ్ళలో ఎన్ని బళ్ళు చల్లారాక చూసి పంపాం, అన్నీ పడిపోయాయా. పడిపోయాయో లేదో నాకు ఎలా తెలుసు. తిరిగి రాని బళ్ళు వేరే షెడ్డుకి పోయాయనుకున్నాం. ఊరు మారారనుకున్నాం. టీ గ్లాసులో అడుగున చల్లటి చుక్క ఉంది, తాగాను.

"పెద్దమ్మగారూ, అలా ఉన్నారేంటి, ఒంట్లో బాలేదా?" అన్నాడు పొడుగు డ్రైవరు.

"ఏం లేదు నాయనా. ఎండ."

"మీరు పుస్తకం తెరిస్తే మాకు భయమండీ. నా లైసెన్సులో కూడా తప్పులున్నాయని అన్నారు కిందటిసారి."

"ఉన్నాయి మరి," అంది అమ్మాయి అటు నుంచి, "నీ ఎత్తు తక్కువ వేశారు." ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. ఆ నవ్వులో చెప్పాల్సిన మాట ఒకటి మింగాను. షెల్టరులో ఒక ముసలాయన లేచి నిలబడి మా వైపు చూసి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు, మడమలు వెనక్కి వేలాడుతున్నాయి. ఆ తర్వాత చాలా సేపు నేను చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఇంకొక్క టిక్ వినబడితే చెబుతాను అనుకున్నాను. వినబడలేదు.

నాలుగయింది. అమ్మాయి ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి చూసి, చల్లారింది, అంది. తాళం తిప్పింది, తీసింది. టార్చి వెలుగులో చెయ్యి కదిలింది, ఈ చివర నుంచి ఆ చివరకి, నున్నగా, ఏ తడబాటూ లేకుండా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఇంత అందంగా టాటా చెప్పిన చెయ్యిని నేను చూడలేదు. టాటా చెప్పింది, అంది అమ్మాయి. హమ్మయ్య, అన్నాడు డ్రైవరు, షెల్టరు వైపు చెయ్యి ఎత్తి రమ్మని పిలిచాడు, పదకొండు మందీ ఒక్కసారే లేచారు, సంచులు సర్దుకున్నారు, రోడ్డు దాటడానికి ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకున్నారు. మూత దభాలున పడింది. అమ్మాయి చేతులు తుడుచుకుని, నేను పైదాకా వెళ్ళి దిగే బస్సులో వచ్చేస్తానమ్మా, ఏడింటికల్లా ఇంట్లో ఉంటా, అంది, ఎక్కి ముందు సీట్లో కూర్చుంది, కిటికీ అద్దం దించింది. వెనక సీట్లు ఒక్కొక్కటీ నిండుతున్నాయి, సంచులు ఒళ్ళోకి చేరుతున్నాయి. ఇంజిన్ అందుకుంది. వస్తానే, అంది అమ్మాయి, అచ్చం ఆ గొంతుతోనే, ఆ మాటతోనే, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపింది. నేను అడగకుండానే. నేను చూస్తున్నానని తెలిసి, కొంచెం ఎక్కువగానే, చిన్నప్పుడు మలుపు దగ్గర ఊపినట్టు. ఊపితే తిరిగి వస్తారు. నా లెక్క. ఆ చల్లారిన చెయ్యి కూడా ఊపింది కదా ఇప్పుడే, అంత అందంగా.

ఎప్పుడు లేచానో తెలియదు. వ్యాను ముందు నిలబడి ఉన్నాను, పుస్తకం రెండు చేతులతో గుండెకి అదుముకుని, మోకాళ్ళకి బంపరు తగులుతోంది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఏంటమ్మా, అంటూ అమ్మాయి దిగి వచ్చింది. పుస్తకం తెరిచి ఇచ్చాను. చూపుడువేలు పెట్టి చూపించాను, ఇక్కడ, నా పెన్సిలు గీత, పేజీ తిప్పాను, ఇక్కడ. అమ్మాయి చదివింది. దానికి పెదవులు కదపకుండా చదవడం వచ్చు, అయినా కదిపింది. తల తిప్పి బోర్డు చూసింది. మళ్ళీ పేజీ.

"ఎప్పుడు చూశావమ్మా ఇది?"

"ఇందాక. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే."

"మరి అప్పుడే చెప్పలేదే."

చెప్పలేదు, అన్నాను. అది నేను అనుకున్నట్టే చూసింది, మొహం ఏమీ మారకుండా. తర్వాత, నాన్న, అంది, అంతే, ప్రశ్న కాదు, పిలుపు కాదు. నేను తల ఊపాను. అది నా భుజం పట్టుకుని పక్కకి జరిపింది, మెత్తగానే, సామాను జరిపినట్టు, జరిపి మూత ఎత్తింది. ఇంజిన్ ఆపకు, గట్టిగా తొక్కి ఉంచు, నేను చెప్పేదాకా, అంది డ్రైవరుతో. వెనక ఉన్నవాళ్ళని దింపి కుర్చీల్లో, టైర్ల మీద కూర్చోబెట్టింది, ఎవరూ ఏమీ అడగలేదు, జబ్బు మనుషులకి అడగకుండా కూర్చోవడం అలవాటు. షెడ్డు రేకులు అదిరిపోయాయి. ఇరవై నిమిషాలు ఆ హోరులో నిలబడ్డాం, టర్బో గుల్ల దగ్గర గాలి వణకడం మొదలైంది, నీళ్ళ అడుగున చూసినట్టు అవతలి గోడ కదిలింది. ఆపు, అంది. తాళం తీశాడు. టార్చి వేసింది. చెయ్యి కదిలింది, సగం దాకా వచ్చింది, అక్కడ వణికింది, ఆగిపోయింది. ముందుకి లేదు, వెనక్కి లేదు. అక్క చెయ్యి మంచం అంచు దగ్గర ఆగినట్టు. మళ్ళీ తిప్పించింది, మళ్ళీ అక్కడే. మందపాటి గుడ్డ చుట్టుకుని కడ్డీని రెక్కల నుంచి విడదీసి చూసింది, అప్పుడు ఆ చెయ్యి ఒంటరిగా, దేనికీ అంటకుండా, పూర్తిగా ఊగి వచ్చింది. చెయ్యి తప్పేం లేదు, అంది అమ్మాయి, లోపల పట్టేసుకుంది. ఆ మాట వ్యాను గురించే అంది.

ఆస్పత్రి నుంచి ఇంకో బండి పంపమని డ్రైవరు మాట్లాడుతున్నాడు, గంటలో వస్తుందంటున్నారు, ముసలాయన టైరు మీద కూర్చుని వాచిన పాదాలు చేత్తో రాసుకుంటున్నాడు. అమ్మాయి గోడ మీద సుద్దతో రాసుకున్న డ్రైవర్ల నంబర్ల ముందు ఫోను తీసి నిలబడింది. ఈ నెలలో ఎక్కులో లాగడం లేదని వచ్చి, మేం చల్లారాక చూసి, ఏమీ చేయకుండా టాటా చెప్పిందని పంపిన బళ్ళు. అమ్మాయి వాటిలో మొదటి ఎక్కు ఎక్కిన రోజు మాత్రం పట్టెయ్యలేదు. ఏడు. మొదటాయన ఎత్తాడు, ఇంటి దగ్గరే ఉన్నానన్నాడు, బండి తియ్యొద్దు, అంది. రెండో ఆయన కొండ కిందనే ఉన్నాడు, పక్కకి తీసి ఆగిపొండి, ఎందుకని అడక్కండి, వచ్చి చెబుతా, అంది. నా వైపు చూడటం లేదు. రంగు గీకే రేకు బల్ల మీద ఉంది, తీసుకున్నాను, స్టూలు లాక్కుని ఎక్కాను, ఆయన నింపిన నలుపు ఇన్నేళ్ళయినా ఎక్కడా పెచ్చు లేవలేదు, ర మీద మొదలుపెట్టి గీకాను, పొడి నా మణికట్టు మీద పడింది, పసుపు పైకి వచ్చింది. మూడో నంబరు పాల వ్యాను. నిన్ననే మేం చూసి పంపింది, ఈ వేళకి రోజూ కొండ దిగువ నుంచి ఖాళీ క్యాన్లతో పైకి ఎక్కుతుంటుంది. అమ్మాయి ఫోను చెవి దగ్గర గట్టిగా అదిమి పట్టుకుంది, పెదవులు బిగించి. నిశ్శబ్దంలో అవతలి మోత నాకు ఇక్కడిదాకా వినబడుతోంది. ఎత్తు నాయనా, అన్నాను పైకే. దీర్ఘం పూర్తిగా పోయింది, ఇప్పుడు అక్కడ చల్లారక అని ఉంది, ముందే అని రాయడానికి చోటు లేదు. అమ్మాయి మొదట ఒక కాలి మీద బరువు వేసి నిలబడింది, తర్వాత ఇంకో కాలి మీద. ఫోను మోగుతూనే ఉంది.